ఈ నవల్లో హీరోయిన్ లేదు!

తాడేపల్లిగూడెంలో ఓ అమ్మమ్మ ఉందనుకుందాం. కూతురి పురుళ్లకి రెండుసార్లు, పిల్లల్ని చూసి రావడానికి ఇంకోసారి అట్లాంటా వెళ్లొచ్చింది. సున్నుండల డబ్బా, ఆవకాయ ప్యాకెట్లు సర్దుకుని వెళ్లడం, ఆరు నెలలుండి తిరిగి రావడం ఆవిడకిప్పుడు భీమవరం వెళ్లొచ్చినంత తేలిక. ఓరోజు సాయంత్రం మనవడు బడి నుంచి వచ్చి బ్యాగు సోఫాలో పడేశాడు. అందులోంచి ఓ పుస్తకం జారింది. ఎర్రట్ట. అట్ట మీద తల లేని కుర్రాడి బొమ్మ.

‘‘ఏం కథరా ఇది?’’

‘‘లవ్ స్టోరీ అమ్మమ్మా.’’

ఆవిడకి హుషారొచ్చింది. రాదా మరి! వారపత్రిక ఇంటికి రాగానే ముందు ఎవరు చదవాలన్న దాని మీద తోడికోడళ్లతో తగువులు పడిన తరం. యద్దనపూడి ‘సెక్రటరీ’లో రాజశేఖరం కారు దిగే తీరు ఈనాటికీ కళ్లకు కట్టినట్టు చెబుతుంది.

‘‘హీరోయిన్ ఎవరు?’’

‘‘హీరోయిన్ లేదు. ఇద్దరూ అబ్బాయిలే.’’

దోశ పెనం మీద మాడిపోయింది.

ఈ అమ్మమ్మ ఊహే కావచ్చు. పుస్తకం మాత్రం నిజం. బెకీ ఆల్బర్టాలీ రాసిన ఆ నవల పేరు ‘సైమన్ వర్సెస్ ద హోమో సేపియన్స్ అజెండా’. 2015లో వచ్చింది. రచయిత్రి సైకాలజిస్టు, అట్లాంటా ప్రాంతం మనిషే. కథ జరిగేదీ అక్కడికి దగ్గర్లోనే, షేడీ క్రీక్ అనే ఊళ్లో. సైమన్‌కి పదహారేళ్లు. అదే బడిలో చదివే మరో అబ్బాయితో మారుపేరు పెట్టుకుని ఈమెయిళ్లు రాసుకుంటుంటాడు. ఆ అబ్బాయి పేరు ‘బ్లూ’ అని మాత్రమే తెలుసు. ఎవరో, ఏ క్లాసో తెలియదు. ఈలోగా ఆ ఉత్తరాలు ఇంకో కుర్రాడి కంట పడతాయి. ‘నీ స్నేహితురాలితో నాకు జత కుదర్చకపోతే ఊరంతా చెప్పేస్తా’నంటాడు వాడు. అక్కణ్నుంచి కథ పరుగే. 2018లో ‘లవ్, సైమన్’ పేరుతో సినిమా కూడా తీశారు. బ్లూ ఎవరో ఇక్కడ చెప్పేస్తే చదివేవాళ్లకి మజా పోతుంది.

ఒక్క మాట ఒప్పుకోవాలి. సైమన్ కష్టాలు కాస్త మెత్తని కష్టాలు. ప్రేమించే అమ్మానాన్నలు, పెద్ద ఇల్లు, కడుపునిండా బిస్కెట్లు. వాళ్ల నాన్న మాత్రం ఇలాంటి అబ్బాయిల మీద అలవాటుగా జోకులేస్తుంటాడు. కొడుకు ఎదురుగా కూర్చుని వింటున్నాడని ఆయనకు తెలియదు. పుస్తకంలో గుచ్చుకునేది అదే. మన ఇళ్లలో ఆదివారం మధ్యాహ్నం సినిమా చూస్తూ, నడుం తిప్పుతూ మాట్లాడే హాస్యనటుణ్ని చూసి పడీపడీ నవ్వుతాం కదా... ఆ గదిలో ఎవరెవరు కూర్చున్నారో మనకి మాత్రం ఏం తెలుసు?

వాళ్ల సౌత్, మన సౌత్

అమెరికాలో సౌత్ అంటే జార్జియా, అలబామా, మిసిసిపీ, టెక్సాస్... ఈ వరస. పత్తి పొలాలు, ఉక్కపోత, ఆదివారం చర్చి, పేరు మోసిన కుటుంబాలు, ఆ కుటుంబాల పరువు. ఎవరింటి ముందు ఎవరి బండి ఆగిందో సందు చివరి దాకా తెలిసిపోయే ఊళ్లు. ఎక్కడో విన్నట్టుంది కదూ?

ఇలాంటి ఊళ్ల నుంచే చెప్పుకోదగ్గ కథలు చాలా వచ్చాయి. ట్రూమన్ కపోటీ బాల్యంలో కొన్నేళ్లు అలబామాలోని మన్రోవిల్‌లో గడిచాయి. పక్కింటి నేస్తం ఎవరనుకున్నారు? తర్వాత్తర్వాత ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ రాసిన హార్పర్ లీ. కపోటీ తొలి నవల ‘అదర్ వాయిసెస్, అదర్ రూమ్స్’ 1948లో వచ్చింది. తాను తక్కిన మగపిల్లల్లాంటి వాణ్ని కానని మెల్లమెల్లగా తెలుసుకునే ఓ పిల్లాడి కథ అది. ఆలిస్ వాకర్ ‘ద కలర్ పర్పుల్’ (1982)లో జార్జియా పల్లెపట్టున మొగుడి చేత దెబ్బలు తినే నల్లజాతి ఇల్లాలు సీలీకి ప్రేమ అంటే ఏమిటో తెలిసేది మరో స్త్రీ వల్లే. ఆ నవలకి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఫ్యానీ ఫ్లాగ్ 1987లో రాసిన నవల్లోనైతే అలబామాలో రైలు పట్టాల పక్కన ఇద్దరు స్త్రీలు కాఫీ హోటలు నడుపుతారు. వాళ్లిద్దరి మధ్య ఉన్నది ఏమిటో ఊరికి తెలుసు. ఎవరూ పేరు పెట్టి పిలవరు, అంతే!

పాత కథల్లో చాలావాటికి ఓ కట్టుబాటు ఉండేది. అలాంటి ప్రేమికులు చివరికి చావాలి, లేదా విడిపోవాలి. అప్పుడే పాఠకుడు జాలిపడి క్షమిస్తాడు. మన దేశం మీద ‘ఎ పాసేజ్ టు ఇండియా’ రాసిన ఇ.ఎం.ఫార్‌స్టర్ ఈ కట్టుబాటుని కావాలనే తెంచాడు. 1913-14లో ‘మారిస్’ నవల రాసి, ఇద్దరు మగవాళ్లూ చివరికి సుఖంగా కలిసుండాల్సిందేనని పట్టుబట్టాడు. ఫలితం? నవల ఆయన సొరుగులోనే ఉండిపోయింది. ఆయన 1970లో పోయాడు, పుస్తకం 1971లో అచ్చయింది. ఏడుపు కథ అయ్యుంటే ముందే వచ్చేదేమో!

ఇప్పుడు గాలి తిరిగింది. సుఖాంతమయ్యే గే ప్రేమకథలకి అమెరికాలో పెద్ద మార్కెట్టే ఉంది. లూసియానాలో పుట్టిపెరిగిన కేసీ మెక్‌క్విస్టన్ 2019లో రాసిన ‘రెడ్, వైట్ అండ్ రాయల్ బ్లూ’లో అమెరికా అధ్యక్షురాలి కొడుకు, ఇంగ్లండు రాకుమారుడు ప్రేమించుకుంటారు. అచ్చం మన రాజకుమారుడి కథే, కాకపోతే ఎదుట నిలబడింది ఇంకో రాజకుమారుడు. అదే చేత్తో 2022లో అలబామాలో ఫాల్స్ బీచ్ అనే ఓ చిన్న ఊరినీ, అందులో ఓ క్రైస్తవ బడినీ కల్పించి ఇద్దరు అమ్మాయిల కథ రాశారు. అన్నీ గొప్ప పుస్తకాలని కాదు. కొన్ని మరీ పాకం ముదిరిన జిలేబీల్లా ఉంటాయి. అయినా పాకం మన రైలు నవలల్లో మాత్రం తక్కువుందా?

రైలు పెట్టెలో ప్రేమ

ఆ రైలు నవలల సంగతి ఈ దారిలో తిరిగేవాళ్లకి గుర్తు చేయక్కర్లేదు. ఏలూరులో పాసింజరు ఎక్కితే దెందులూరు, భీమడోలు, పూళ్ల దాటుకుంటూ తాడేపల్లిగూడెం చేరేలోపు సగం పుస్తకం అయిపోయేది. కొవ్వలి లక్ష్మీనరసింహారావు (1912-75) వెయ్యికి పైగా నవలలు రాశారని పేరు. అణాల ధర, చేతిలో ఇమిడే సైజు, రైల్వే స్టేషన్లలో అమ్మకం. పెద్దలు ‘పిల్లలు చెడిపోతారు’ అన్నారు. పిల్లలు పాఠ్యపుస్తకంలో దాచుకుని చదివారు. ఆడవాళ్లకి చదవడం అలవాటు చేసింది ఆ పుస్తకాలేనని తర్వాత అదే పెద్దలు మెచ్చుకున్నారు. ఆయన తర్వాత కోడూరి కౌసల్యాదేవి, యద్దనపూడి సులోచనారాణి... అద్దె పుస్తకాల షాపులు కళకళలాడిన రోజులవి.

అన్ని వేల ప్రేమకథల్లో కులాలు అడ్డొచ్చాయి, ఆస్తులు అడ్డొచ్చాయి, మేనత్తలు అడ్డొచ్చారు. ఒక అబ్బాయి మరో అబ్బాయిని తలుచుకుని నిద్రపోని రాత్రి మాత్రం వెతికినా దొరకడం కష్టం. అలాంటి రాత్రులు ఈ ఊళ్లలో లేవా అంటే, ఎందుకు లేవు?

నిజానికి మన చిన్న ఊళ్లు మగపిల్లల స్నేహాన్ని చూసీచూడనట్టు వదిలేసినంతగా ఇంకే దేశమూ వదిలెయ్యదేమో. ఏలూరు కాలవ గట్టు మీద ఇద్దరు కుర్రాళ్లు చిటికెనవేలు పట్టుకుని నడుస్తుంటే ఎవరూ తలతిప్పి చూడరు. ఒకే సైకిలు మీద ముందు కడ్డీ మీద ఒకడు, సీటు మీద ఒకడు. వేసవిలో డాబా మీద ఒకే చాప. ‘వాళ్లిద్దరూ కృష్ణార్జునులండీ’ అని తల్లే మురిసిపోతుంది. అదే డాబా మీద ఓ అబ్బాయి, ఓ అమ్మాయి అయిదు నిమిషాలు మాట్లాడుకుంటే పంచాయతీ పెట్టే ఊరు, వీళ్లనేమీ అనదు. ప్రేమ స్నేహం చొక్కా తొడుక్కుని హాయిగా తిరిగేస్తుంది... పాతికేళ్లు వచ్చేదాకా!

అప్పుడు సంబంధాలు చూడ్డం మొదలవుతుంది. అమెరికా నవల్లో ఊరి గుసగుస, చర్చి మెట్లు ఎక్కడైతే అడ్డం పడతాయో, మన దగ్గర అక్కడ పెళ్లిచూపులు ఉంటాయి. ఆ పళ్లెం, ఆ కాఫీ గ్లాసులు, ‘అబ్బాయికేం, బంగారం’ అనే మేనమామ. వద్దంటే కారణం చెప్పాలి. చెప్పడానికి ఇంట్లో మర్యాదగా పలికే మాటే ఉండదు. ఉన్నవన్నీ తిట్లు.

సండూరు కుర్రాడు

ఆ మాటని వెతికి తెచ్చిన రచయిత మనకి పొరుగునే ఉన్నాడు. వసుధేంద్ర. పుట్టింది 1969లో బళ్లారి జిల్లా సండూరులో. చుట్టూ కొండలు, ఆ కొండల్లో ఇనుప ఖనిజం, గాలి వాలితే తెలుగు కూడా వినిపించే సీమ. ఇంజినీరింగ్ చదివి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, పేరున్న కన్నడ కథకుడయ్యాక కూడా ఒక్క కథని మాత్రం సొంత పేరుతో ఇవ్వలేకపోయాడు. ‘దేశ కాల’ పత్రికలో అది మారుపేరుతో వచ్చింది. తర్వాత 2013లో ‘మోహనస్వామి’ సంపుటి తన పేరుతోనే తెచ్చాడు. పుస్తకంతో పాటు తాను గే అన్న సంగతీ లోకానికి చెప్పేశాడు. ఆ ఏడాది డిసెంబరు 11న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ చెల్లుతుందని తీర్పిచ్చింది. అంటే ఆ ప్రేమ మళ్లీ నేరం. ఆ గాలిలో సొంత పేరుతో నిలబడటానికి ఎంత గుండె ధైర్యం కావాలో!

తెలుగులోకి దాన్ని తెచ్చింది ఆదోనికి చెందిన రంగనాథ రామచంద్రరావు. చాలా కథలకి నాయకుడు మోహనస్వామే. కొన్నేళ్లుగా కార్తీక్‌తో కలిసి ఉంటున్నాడు. కార్తీక్‌కి పెళ్లి కుదురుతుంది. ఎవరూ కొట్టరు, ఎవరూ ఊరి నుంచి వెళ్లగొట్టరు. ఉత్త పెళ్లి, అంతే. ఇల్లంతా సంబరంగా ఉన్న చోట ఒక్కడికే గుండె పగిలితే ఎలా ఉంటుందో, అది కూడా పైకి కనపడకుండా పగలాలంటే ఎలా ఉంటుందో వసుధేంద్ర అరవకుండా చెబుతాడు. చిన్ననాటి అవమానాలున్నాయి, తోటిపిల్లలు పెట్టిన పేర్లున్నాయి, మగాడిలా ఉండటం రావడం లేదని కుమిలిపోవడం ఉంది. చివర్లో కిలిమంజారో పర్వతం ఎక్కే కథ ఉంది. ‘ప్రేమకథ కదా’ అని సరదాగా కొనుక్కుంటే మోసపోతారు. ఏడిపిస్తుంది. ఏడిపించాక, పక్కన కూర్చుని నవ్విస్తుంది కూడా.

తెలుగులో ఎవరూ రాయలేదని కాదు. రాజమండ్రికి చెందిన మానస ఎండ్లూరి కథల్లో ఇలాంటి ప్రేమ మామూలు ఇళ్ల మధ్యలోకి వచ్చి నిలబడింది. ‘మిలింద’ సంపుటికి 2020లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం ఆమెకి దక్కింది. గోదావరి ఒడ్డు దాకా వచ్చింది కథ. ఇటు కొల్లేటి వైపు దిగడమే తరువాయి.

భార్య మాటేమిటి?

ఇంతసేపూ అబ్బాయిల గొడవే అయింది. కార్తీక్‌ని చేసుకున్న అమ్మాయి సంగతో? ఇంట్లోవాళ్లకి భయపడి తల వంచి తాళి కట్టే ప్రతి కథలోనూ ఏ పాపమూ ఎరగని ఇంకో ప్రాణం ఉంటుంది. ‘నాలోనే ఏదో లోపం ఉందేమో’ అనుకుంటూ ఏళ్లు గడిపేస్తుంది. పుట్టింట్లో చెప్పుకోలేదు. ఏమని చెబుతుంది?

2023 నవంబరులో వచ్చిన మలయాళ సినిమా ‘కాదల్: ది కోర్’ చూసినవాళ్లకి ఇది బాగా తెలుస్తుంది. కేరళలో తీకోయి అనే చిన్న ఊరు. మమ్ముట్టి అక్కడ మర్యాదస్తుడైన మాథ్యూ. రిటైరయ్యాడు, స్థానిక ఎన్నికల్లో నిలబడుతున్నాడు. సరిగ్గా అప్పుడే భార్య ఓమన విడాకులకి కోర్టుకెళుతుంది. ఆ పాత్ర జ్యోతిక. కారణం: ఊళ్లో డ్రైవింగ్ స్కూలు నడిపే తంగన్‌తో మాథ్యూకి ఎన్నో ఏళ్లుగా ఉన్న బంధం. మమ్ముట్టి అంతటి నటుడు ఆ పాత్ర వేయడమే కాదు, సినిమా నిర్మించింది కూడా తనే. ఓమన ఆ మనిషిని బజారుకీడ్చడానికి కోర్టుకెక్కలేదు, తనకీ ఆయనకీ కూడా ఊపిరాడాలనే ఎక్కింది. దర్శకుడు జియో బేబీ ఈ సంగతిని కేకలూ పెడబొబ్బలూ లేకుండా చూపించాడు. 2023కి కేరళ ప్రభుత్వ ఉత్తమ చిత్రం అవార్డు దానికే ఇచ్చారు.

ఇక చట్టం. 1860లో తెల్లవాళ్లు రాసిపెట్టిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌ని ఢిల్లీ హైకోర్టు 2009లో సడలించింది. సుప్రీంకోర్టు 2013లో ఆ తీర్పు కొట్టేసింది. తిరిగి 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు, ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య బంధం నేరం కాదని తేల్చింది. హైదరాబాద్‌లో ఉండే సుప్రియో, అభయ్ తమ పెళ్లిని గుర్తించాలని వేసిన కేసులో మాత్రం 2023 అక్టోబరు 17న కోర్టు ఒప్పుకోలేదు, అది చట్టసభల పని అంది. ఆ సౌత్ కూడా మనకంటే పెద్ద ముందేమీ లేదు. టెక్సాస్‌లో ఇలాంటి చట్టం 2003 దాకా బతికే ఉంది. పెళ్లి హక్కు దేశమంతా వచ్చింది 2015లో. పోనీ, ఇదేమైనా జబ్బా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. ‘పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది’ అనే సలహా ఏ వైద్యశాస్త్రంలోనూ లేదు. పైగా ఒకరికి బదులు ఇద్దరు నలుగుతారు.

కొల్లేటి మీద ఓ కథ

సరే, ఎవరైనా రాస్తే? ఇటువైపు సరుకు తక్కువా! కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి మోసుకుపోతుంది. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ చదివినవాళ్లకి ఆ నీళ్ల మీద బాల్యం ఎలా గడిచేదో తెలుసు. ఆ సరస్సులోకే చేపల చెరువుల గట్లు వచ్చాయి. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో గట్లు పేల్చేసిన చప్పుళ్లు. ఒక గట్టు తెగితే ఎన్ని సంసారాలు రోడ్డున పడతాయో, ఏ ఇద్దరు స్నేహితులు చెరో ఊరికి వలసపోతారో... అక్కడే ఓ నవల ఉంది.

చెరువు మీద కాపలా పాకలో ఇద్దరు కుర్రాళ్లు. ఒకడిది కైకలూరు వైపు, ఇంకొకడిది ఏలూరు పవర్‌పేట. అర్ధరాత్రి మేత బస్తాల మీద పడుకుని కబుర్లు. తెల్లారితే ఐసు పెట్టెల్లో చేపలు కలకత్తా లారీ ఎక్కాలి. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి ఇద్దరూ కలిసే వెళతారు, జనంలో విడిపోకుండా చెయ్యి పట్టుకుంటారు. జనం పలచబడ్డాక కూడా వదలరు. ఆటపాకలో గూడబాతులు పిల్లల్ని లేపుకుని వెళ్లిపోయే వేళకి ఒకడికి తాడేపల్లిగూడెం ఉల్లిపాయల వ్యాపారి ఇంటి నుంచి సంబంధం వస్తుంది... ఇక్కడ ఆపి, ఎటు తిప్పాలో రాసేవాళ్లకే వదిలెయ్యాలి. కొవ్వలి వారైతే ఒక్క రాత్రిలో పూర్తిచేసి ఉదయం రైలుకి అందించేవారు!

అట్లాంటాలో ఆ సాయంత్రం మాడిన దోశ తీసి పారేసి, అమ్మమ్మ కొత్త దోశ పోసింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మనవడు తింటూ కథ చెప్పాడు. ఈమెయిళ్లు, మారుపేర్లు, బెదిరించిన కుర్రాడు, జోకులేసే నాన్న. ఆవిడ మధ్యలో ఒకసారి ‘పాపం’ అంది. ఎవర్ని చూసి అందో చెప్పలేదు. రెండో దోశ తిరగేస్తూ నెమ్మదిగా అడిగింది.

‘‘అయితే ఆ రెండో పిల్లాడిది ఏ ఊర్రా? వాళ్లమ్మకి తెలుసా?’’